అల్లుడుగారి సైలెన్సర్

ఇల్లరికం వెళ్ళినవాడు ముందుగా నేర్చుకునేది చప్పుడు చెయ్యకుండా బతకడం. ఆత్రేయపురం వచ్చిన రెండేళ్ళలో నాకది బాగానే పట్టుబడింది. గొళ్ళెం మోగకుండా తలుపు వెయ్యడం, చెంబు గోలేనికి తగలకుండా నీళ్ళు ముంచుకోవడం, దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గి రావడం అన్నీ వచ్చేశాయి. అలా ఉండమని నాకెవరూ చెప్పలేదు. మా మావగారు అమ్మిరాజుగారు ఏనాడూ నన్ను ‘నువ్వు’ అన్న పాపాన పోలేదు. ‘అల్లుడుగారు భోంచేసేరా?’ అని మా ఆవిడ సత్యవేణిని అడిగి, నేను తిన్నానని తెలిశాకే ఆయన పీట వేసుకునేవారు. ఆ మర్యాదే నన్ను నంజుకు తినేది. ఓ మాట అంటే తిరిగి ఓ మాట అనవచ్చు, మర్యాదకి ఏమని జవాబు చెప్పను?

కపిలేశ్వరపురం లంకలో అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాణ్ణి. బి.కాం. తప్పాను. మావగారికి ఓ అంబాసిడర్ టాక్సీ ఉండేది, ఆయనే తోలేవారు. పక్క సీట్లో కూర్చోవడం, పార్టీల సామాన్లు ఎక్కించడం, దించడం నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే ‘ఆయన కారు చూసుకుంటున్నారండి’ అని సత్యవేణి చెప్పేది. కారే నన్ను చూసుకునేదన్న సంగతి ఊరందరికీ తెలుసు.

ఎనభై మూడు వేసవిలో ఆ కారు సైలెన్సర్ పోయింది. కాలవగట్ల మీద నీళ్ళ గుంటల్లో తిరిగి తిరిగి తుప్పు తినేసింది. వాడపల్లి స్వామి దర్శనానికి వెళ్ళినవాళ్ళని దింపి వస్తుంటే సగానికి ఊడి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మావగారు దాన్ని కొబ్బరితాడుతో కట్టి ఎలాగో ఇల్లు చేర్చారు. వైశాఖ మాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. సరిగ్గా అప్పుడే ఆయన కాలి మీద సెగగడ్డ లేచింది. కాలు కదపలేక మంచం మీద కూర్చుని, కాసేపు ఆలోచించి నన్ను పిలిచారు.

“అల్లుడుగారూ, మీరు రాజమండ్రి వెళ్ళి ఓ సైలెన్సర్ తెచ్చేస్తారాండి?”

“ఆయ్. ఎలాంటిది తెమ్మంటారండి?”

“మీకు నచ్చింది తీసుకురండి.”

పెళ్ళిలో కట్టిన పంచె దగ్గర్నుంచి పొద్దున్న తాగే కాఫీ దాకా ఆ ఇంట్లో నాకు నచ్చిందేమిటని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదంతే. బస్సు బొబ్బర్లంక దాటి బ్యారేజీ ఎక్కేసరికి నేను ఆ మాటని పదిసార్లు నెమరు వేసుకున్నాను.

రాజమండ్రిలో కారు సామాన్ల కొట్టు వెంకటస్వామి గారిది. ఆయన మూడు రకాలు తెచ్చి నా ముందు పడేశారు. ఒకటి కంపెనీది. రెండోది దాన్ని చూసి ఇక్కడే వెల్డింగు చేసింది. ఈ రెంటికీ లోపల చప్పుడు అణచడానికి అడ్డురేకులుంటాయట. మూడోదానికి అవేమీ లేవు. పైకి నున్నగా, పొడుగ్గా, చివర వెడల్పాటి మూతితో తళతళ మెరుస్తోంది.

“ఇదేంటండి?”

“అది కుర్రకారు సరదాపడి వేయించుకునేదండి. తిన్నటి గొట్టం. ఇంజన్ ఎంత అరిస్తే అంతా బయటికే. మీది టాక్సీ అంటున్నారు, ముసలాళ్ళూ రోగులూ ఎక్కుతారు. మొదటిది పట్టుకెళ్ళండి.”

“ఒక్కసారి దీని చప్పుడు వినొచ్చాండి?”

కొట్టు ముందు ఆ రకం బిగించిన కారే ఒకటి ఉంది. ఆయన మనిషి వెళ్ళి స్టార్టు చేశాడు. ఆ మోత నా అరికాళ్ళలోంచి ఎక్కి రొమ్ములో గుమ్మంది. అవతలి కొట్టువాళ్ళు లేచి చూశారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగారు. ఎవరొచ్చారా అని అంతమంది ఒకేసారి తల తిప్పి చూడటం నాకెంత బాగుందో చెప్పలేను. తా వలచింది రంభ అని ఊరికే అనలేదు.

“అదే ఇవ్వండి” అన్నాను.

కొత్తపేట మెకానిక్‌ని ఇంటికే పిలిపించి బిగించి, స్టార్టు చేయించాను. మావగారు కాలు పీట మీద పెట్టుకుని అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నారు.

“ఊఁ” అన్నారు. “ఊరికంతా తెలుస్తుందండి.”

నేను దాన్ని మెప్పుదల కిందే జమ కట్టుకున్నాను. సత్యవేణి మాత్రం చెవులు మూసుకుని, “ఇదేం చోద్యమండీ, దున్నపోతుకి దగ్గొచ్చినట్టు!” అని నవ్వింది. నేను ఆ పూట అన్నం తినకుండా అలిగాను. అలగడం కూడా ఆ ఇంట్లో అదే మొదలు.

కానీ పెళ్ళివాళ్ళకి ఆ మోత తెగ నచ్చింది. మేళం కన్నా ముందు మా కారే వినిపించేది. మిగతా టాక్సీలు స్టాండులో ఉండగానే మా కారు కోసం మనుషులొచ్చేవారు. సీజను సగమయ్యేసరికి దానికి పెళ్ళికారన్న పేరొచ్చింది. మా వీధిలో పిల్లలు ‘అల్లుడుగారొస్తన్నారో’ అని అరిచేవారు. కుంటుకుంటూనైనా కారు తోలేది మావగారు, పేరు నాది. నేను పక్క సీట్లో మోచెయ్యి బయటికి పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంట్లో కూడా గొంతు కాస్త పెరిగింది. మజ్జిగ పులిసిందని ఓ రోజు పైకే అన్నాను.

మా ఎదురింట్లో పోలమ్మ ఉండేది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పూతరేకులు తీసి అమ్ముతూ కూతురు వీరలక్ష్మిని పెంచింది. బోర్లించిన కుండ కింద ఎండుకొబ్బరాకు మంట పెట్టి, పిండిలో తడిపిన గుడ్డని కుండ మీద అలా పరిచి లాగితే రేకు వచ్చేది. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తేది కాదు. మాతో కబుర్లన్నీ ఆ కుండ మీదకి వంగే చెప్పేది.

“మీ కారు చప్పుడు నాకు బాగుందండి బాబుగారూ” అంది ఓ రోజు. “కాలవ లాకుల కాడ మలుపు తిరగ్గానే తెలిసిపోతాదండి. ఆడ వినపడిందంటే నాలుగు రేకులు తీసేలోగా గుమ్మంలో ఉంటారు. గడియారంతో పన్లేదండి.”

నా చప్పుడు నచ్చిందని నోరు తెరిచి చెప్పింది ఊళ్ళో ఆవిడొక్కతే. అందుకే వీరలక్ష్మి పెళ్ళి కుదిరితే, కారు మాదేనని మావగారిని అడక్కుండానే మాటిచ్చేశాను. ఆయన “మంచి పని చేసేరండి” అన్నారు. పెళ్ళికొడుకు అంజిబాబుది అంబాజీపేట దాటాక ఓ పల్లె. చిన్న కొబ్బరితోట, పెంకుటిల్లు. పిల్ల అప్పగింతల్లో ఏడ్చి ఏడ్చి కారెక్కింది. కాలవ దాటాక మాత్రం ముందుకి వంగి, “మావయ్యగారూ, ఇంకా గట్టిగా మోగించండి. అమ్మకి వినపడాలి” అని మావగారిని అడిగింది. ఆయన నవ్వి, యాక్సిలరేటర్ మీద కాలు నొక్కారు.

మర్నాడు పోలమ్మ చెప్పింది: “చప్పుడు ఆగిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డానండి. ఆగిపోయాక కాసేపు ఇంకా వినపడినట్టే ఉందండి.”

జ్యేష్ఠం వెళ్ళిపోతోంది. ఆషాఢంలో అత్తా కోడలూ ఒక్క గుమ్మం దాటకూడదు గనక కొత్తపెళ్ళికూతురు పుట్టింటికి రావాలి. వీరలక్ష్మికి అన్నదమ్ములు లేరు. పోలమ్మ మా అరుగు దగ్గరికి వచ్చి, కొంగు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

“అమ్మాయిని తీసుకురావడానికి మగదిక్కు ఒకరెళ్ళాలి గదండి. అన్నగారి లెక్కన తమరు ఎల్లొస్తారాండి బాబుగారూ?”

ఆ మాటకి నా ఛాతీ ఇంతయింది. తెల్లచొక్కా తొడుక్కుని బయలుదేరాను. కొత్త తాటాకు బుట్టలో, నెయ్యి ఓడుతున్న పూతరేకులు పేర్చి, పైన పసుపు గుడ్డ కప్పి పోలమ్మే వెనక సీట్లో పెట్టింది. వియ్యపురాలికి అందించి, పిల్లని పంపమని అడగాలి, అదీ పద్ధతి.

రాత్రంతా వాన పడి పొద్దున్నే తెరిపిచ్చింది. అంబాజీపేట దాటి పల్లెలోకి తిరగగానే, “కాస్త మోగనివ్వండి, పుట్టింటివాళ్ళు వచ్చారని తెలుస్తుంది” అన్నాను. మావగారు మోగనిచ్చారు. తోటల మధ్య ఆ మోత రెట్టింపై తిరిగొచ్చింది. ఎదురుగా అంజిబాబు ఇంటి ముందు జనం కనిపించారు. మాకోసమే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. చెయ్యి కూడా ఊపాను.

ఓ పెద్దాయన రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

“ఆపండి బాబూ! ఆ బండి ఆపండి! శవం ఉంది లోపల!”

మావగారు వెంటనే ఆపేశారు. మోత ఆగాక లోపల్నుంచి ఏడుపులు వినిపించాయి. అంతవరకూ మా కారే వాటిని కప్పేసింది. జనం మా వైపు చూశారు. రాజమండ్రి బజారులో తలలు తిప్పి చూసినట్టే చూశారు. నేను కారు దిగలేక, కూర్చోలేక, తలుపు సగం తెరిచి అలాగే ఉండిపోయాను.

వీరలక్ష్మి. తెల్లారకుండా పొయ్యిలోకి కొబ్బరాకు తీసుకుందామని తోటలో మోపు లాగిందట. ఆ మోపులో పాముంది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయింది. పుట్టింటికి వెళ్ళే రోజని తల అంటుకోవడానికి నీళ్ళు కాచుకోబోయిందని అత్తగారు గుండెలు బాదుకుంటూ చెప్పింది. అంజిబాబు అరుగు చివర గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

“మా మనిషిని పంపించబోతున్నామండి. ఇంతలో మీరే వచ్చేరు” అన్నాడు ఆ పెద్దాయన మావగారితో. “వాళ్ళమ్మగారిని మీ కార్లోనే తీసుకురండి. పిల్ల పోయిందని మాత్రం ఆడ చెప్పకండి. అంత దూరం రావాలి గదా, ప్రాణం ఉగ్గబట్టుకుని రావాలి.”

మా వైపు అది మామూలే. చావు కబురు చావు కబురులా చెప్పరు. జ్వరమని చెప్తారు, చూడాలంటోందని చెప్తారు. దారి పొడుగునా మనిషి తనంతట తనే తెలుసుకునేలా వదిలేస్తారు.

వెనక్కి తిరిగాం. మావగారు గేరు మార్చినప్పుడల్లా కాలు తేల్చి, ఎంత మెల్లగా పోనిచ్చినా ఆ గొట్టం ఊరుకోలేదు. కొత్తపేట దాటాక పోలమ్మతో ఏం చెప్పాలో అనుకున్నాం.

“జొరం తగిలిందందాం అండి” అన్నారు మావగారు.

“ఆయ్. నిన్ను చూడాలంటోందని చెప్దాం.”

“ఎవరు చెప్తారండి?”

“నేనే చెప్తానండి” అన్నాను. కనీసం అదైనా చెయ్యాలనిపించింది.

లాకులు కనిపించాయి. మావగారు వేగం తగ్గించారు.

“ఇంజన్ ఇక్కడే ఆపేద్దామా అల్లుడుగారూ?”

“ఇంకా మైలుంది కదండీ.”

“ఆయ్.”

కారు మలుపు తిరిగింది. తిరుగుతుండగా నాకు నాలుగు రేకులు గుర్తొచ్చాయి. ఈపాటికి పోలమ్మ కుండ దగ్గర్నుంచి తల ఎత్తి ఉంటుంది. చేతిలో గుడ్డ పిండిలో పడేసి ఉంటుంది. నా చేత్తో ఎంచి తెచ్చిన ఆ చప్పుడు నాకన్నా ముందు ఆ ఇంటికి వెళ్ళిపోతోంది. దాన్ని ఆపడం నా వల్ల కాదు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆడపిల్ల చచ్చిపోతే రావలసింది సిగ్గు కాదు గదా. కానీ నాకు సిగ్గే వచ్చింది, ఒళ్ళంతా.

పిల్లలు కారు వెనక పరుగెత్తుతూ ‘పెళ్ళికూతురొచ్చిందో’ అని అరుస్తున్నారు. పోలమ్మ గుమ్మం ముందు కళ్ళాపి చల్లి ముగ్గేసి ఉంది. ఆవిడ పళ్ళెంలో ఎర్రనీళ్ళు పట్టుకుని, దిష్టి తియ్యడానికి రోడ్డు మీదకే వచ్చేసింది. మొహానికి అంటిన మసి కూడా తుడుచుకోలేదు. సత్యవేణి కూడా మా గుమ్మంలోంచి నవ్వుతూ దిగింది.

నేను కారు దిగి చెప్పాను.

“వీరలక్ష్మికి కాస్త జొరం తగిలిందండి. ఇప్పుడు ప్రయాణం వద్దన్నారు. నిన్ను చూడాలంటోంది పోలమ్మా, రమ్మన్నారు.”

“జొరమాండి?”

“ఆయ్. వానలు కదండీ.”

బాగానే చెప్పాననుకున్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలే. పోలమ్మ పళ్ళెం పట్టుకునే వంగి, వెనక సీట్లోకి చూసింది. అక్కడ తాటాకు బుట్ట ఉంది. మీద కప్పిన పసుపు గుడ్డ కప్పినట్టే ఉంది.

“బుట్ట ఎందుకు తిరిగొచ్చిందండి?” అంది.

కోడలికి జ్వరమైతే వియ్యపురాలు స్వీట్ల బుట్ట ఎందుకు అందుకోదు? అందుకోని ఇల్లు ఒక్కటే ఉంటుంది. అన్ని మాటలు అనుకున్నాం గానీ, ఆ బుట్టని దారిలో ఎవరికైనా ఇచ్చెయ్యాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నేను మావగారి వైపు చూశాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకి చూస్తున్నారు.

పోలమ్మ ఎర్రనీళ్ళు జాగ్రత్తగా, ఒలకకుండా, అరుగు మీద పెట్టింది. లోపలికి వెళ్ళి పొయ్యిలో మంట ఆర్పి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. కారెక్కి ఆ బుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సత్యవేణి ఏమీ అడక్కుండా పక్కన ఎక్కి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

మూడోసారి అదే దారి. మావగారు కాలు నొక్కకుండా నడిపిస్తున్నారు. ఎడ్లబండి మమ్మల్ని దాటేలా ఉంది. రావులపాలెంలో టీకొట్టు దగ్గరున్నవాళ్ళెవరో మోత విని, పెళ్ళికారని చెయ్యి ఊపారు. అప్పుడు వెనక నుంచి పోలమ్మ మెల్లగా అంది:

“బండి పోనివ్వండి రాజుగారూ. చప్పుడు సంగతి చూడకండి.”

మావగారు కాలు నొక్కారు. అంబాజీపేట దాకా ఆ గొట్టం అరుస్తూనే ఉంది.

ఆ తరవాత వారంలోపే ఆయన కాలు కుంటుకుంటూనే రాజమండ్రి వెళ్ళి, మొదటి రకం తెచ్చి బిగించారు. నాతో చెప్పలేదు. నేను ఎదురుపడితే, “ఆ గొట్టం పశువులపాకలో పెట్టించేనండి” అన్నారు అంతే. ఇంత తెలివితక్కువ పని ఎవడైనా చేస్తాడా అని ఒక్క మాట తిట్టి ఉంటే ఆయన కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ‘అల్లుడుగారు భోంచేసేరా’ అని మాత్రం అడుగుతూనే ఉన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనకి మనం చెప్పుకోవడమే గానీ, కొన్ని అడుసులు కడిగితే పోవు. నేను మళ్ళీ పెరట్లోకి వెళ్ళి దగ్గడం మొదలుపెట్టాను.

శ్రావణం ముహూర్తాలకి పెళ్ళివాళ్ళు వచ్చి, చప్పుడు లేని కారుని చూసి వేరే బండి మాట్లాడుకున్నారు. మావగారు వాళ్ళని నవ్వుతూనే పంపించేశారు. పోలమ్మ అప్పటికి మళ్ళీ కుండ ముందు కూర్చుంటోంది. నేను ఆ గుమ్మం వైపు చూడకుండా వీధి దాటేవాణ్ణి. ఓ రోజు కారు ఆగగానే ఆవిడ ఉలిక్కిపడి తల ఎత్తింది.

“వచ్చేరాండి బాబుగారూ? వినపళ్ళేదండి. ఆ గొట్టం తీయించేసేరాండి?”

“ఆయ్. తీసేసేవండి.”

“ఎందుకండి?”

నేను నేల చూశాను. క్షమించమని ఎలా అడగాలో అన్ని రోజులూ అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ గుడ్డ పిండిలో ముంచి, కుండ మీద పరిచి, రేకు తీసి పక్కన పెట్టింది.

“ఆ రోజు లాకుల కాడ నుంచి గుమ్మం దాకా నా పిల్ల వస్తన్నాదండి. వినపడుతూనే ఉందండి. నాలుగు రేకులంత సేపు.” ఇంకో రేకు తీసి పక్కన పెట్టింది. “ఒక్కసారి అది బిగించి, ఆ మలుపు కాణ్ణుంచి తోలుకొస్తారాండి? లోపల ఎవరూ లేరని నాకు తెలుసండి. నేను బయటికి రాను, ఇక్కడే కూర్చుంటాను.”

“ఆయ్” అన్నాను.

మా వైపు ఆ మాట తేలిగ్గా వచ్చేస్తుంది. పశువులపాకలో ఆ గొట్టం చాలాకాలం ఉంది. దాని మూతిలో కోడి గుడ్లు పెట్టేది. పాకలోకి వెళ్ళినప్పుడల్లా దాని వైపు చూడకుండా పని చూసుకుని వచ్చేసేవాణ్ణి. నేను దాన్ని బిగించలేదు. పోలమ్మ మళ్ళీ అడగలేదు. మా కారు గుమ్మంలో ఆగినప్పుడల్లా మాత్రం ఉలిక్కిపడి తల ఎత్తి, “వచ్చేరాండి? వినపళ్ళేదండి” అనేది.